పాట చివరి మాట

'పై' అనే తీపి రొట్టెల పిండి చేతికి అంటుకోకుండా, అలాగని పొడిపొడిగా రాలిపోకుండా ఉండే క్షణం ఒకటుంటుంది. అది డెల్సీ రాక్లీ వేళ్లకు తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లుగా ప్రతి గురువారం పొద్దున ఐదింటికి, సీడర్ ఫోర్డ్ పశువుల సంతను ఆనుకుని ఉన్న ఈ హోటలు వంటింట్లో నిలబడి, చల్లటి పందికొవ్వును వేళ్ల కొసలతో మైదాలో నలుపుతూ ఆమె వేరే సంగతులేవో ఆలోచిస్తూ ఉంటుంది. ఆ క్షణం రాగానే చేతులు వాటంతటవే ఆగుతాయి. నీళ్లు రెండు చెంచాలు చిలకరించి, ముద్ద చేసి, తడిగుడ్డ కప్పి పక్కన పెడుతుంది.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం బస్తాలు మోసేవాడి భుజాల్లా ఉంటాయి. పొయ్యి అంచులు కాల్చిన మచ్చలు రెండు ముంజేతుల మీదా మెట్లు మెట్లుగా ఉన్నాయి, కొన్ని నల్లబడి, కొన్ని తెల్లబడి. ఎడమ బొటనవేలి కణుపు వాచి పక్కకు తిరిగింది. కుడికాలి బూటును చిటికెనవేలి దగ్గర తనే బ్లేడుతో కోసుకుంది, అక్కడి బొడిపె ఒరుసుకోకుండా. అరవై మూడేళ్లు. మొగుడు ఆర్విల్ పోయి పదకొండేళ్లయింది. పిల్లల్లేరు. ఆమె గురించి ఎవరైనా చెప్పమంటే ఊళ్లో వాళ్లు పైల గురించే చెబుతారు, ఆపైన ఏం చెప్పాలో తోచక ఊరుకుంటారు.

గురువారానికి ఇరవై నాలుగు పైలు. పది యాపిల్‌వి, ఎనిమిది కొబ్బరివి, ఐదు చాక్లెట్‌వి, ఒక్కటి కిస్‌మిస్‌ది. కిస్‌మిస్ పై అడిగేవాళ్లు ఒకప్పుడు చాలామంది ఉండేవారు, వాళ్లంతా ఇప్పుడు కొండ మీది శ్మశానంలో ఉన్నారు. మిగిలింది ఒకే ఒక్క మనిషి, ఆయన కోసం ఆమె ఇంకా చేస్తూనే ఉంది.

ఆరింటికి జూనీ వచ్చింది. ఆర్విల్ చెల్లెలు, బల్లల దగ్గర వడ్డించే మనిషి. నోరు ముందు లోపలికి వస్తుంది, మనిషి వెనకాల. కోటు తీయకముందే రేడియో పెట్టింది.

"వదినా, ఇవాళ మబ్బుగా ఉంది. మగాళ్లంతా లోపలే కూచుంటారు, కాఫీ ఏరులా పారాలి."

రేడియోలో ఆ పాట వచ్చింది. పోయినేడాది నుంచీ వస్తూనే ఉంది. పాటల పట్నం నాష్‌విల్‌లో ఎవరో కుర్ర గాయకుడు పాడాడు, పాట పేరు 'మాటాడని పిల్ల'. గిటారు నెమ్మదిగా వర్షం చుక్కల్లా మొదలవుతుంది. అందమైన పిల్ల ఒకతి, పొగరుబోతు. పేద కుర్రవాడు ప్రాణం పెట్టి ప్రేమిస్తాడు. ఆమె వాడితో ఒక్క మాటైనా మాట్లాడదు. ఆ మౌనం భరించలేక వాడు ఊట దగ్గర ఆమెను చంపేస్తాడు, ఉరికంబం ఎక్కుతూ కూడా ఆమెనే తలుచుకుంటాడు. విన్న ప్రతివాళ్లూ ఆ కుర్రవాడి కోసం కళ్లు తుడుచుకుంటారు. జూనీ కూడా తుడుచుకునేది, ఒకరోజు డెల్సీ తన చేతిలోని గరిటెను నేలకేసి కొట్టేదాకా.

ఇవాళ మరిచిపోయింది. గుర్తుకు రాగానే గబుక్కున రేడియో కట్టేసింది. "పోనీలే వదినా, పాటే కదా" అంది.

డెల్సీ కత్తి అందుకుంది. యాపిల్ చెక్కు తీస్తూ కూచుంది, తొక్క తెగకుండా ఒకటే పట్టీలా గిన్నెలోకి దిగుతోంది.

పాటే. కానీ ఆ పాట వాళ్లమ్మది. అమ్మకు వాళ్లమ్మ నేర్పింది. ఆ అమ్మమ్మకు మాత్రం ఎవరూ నేర్పలేదు, చనిపోయిన పిల్ల ఆమె సొంత అక్క కాబట్టి ఊరివాళ్లు కట్టిన పాట ఆమె ఇంటికి దానంతటదే వచ్చింది. పందొమ్మిది వందల ఎనిమిదిలో సంగతి. కెస్టర్సన్ వాళ్ల పెద్దమ్మాయిని పిన్నెల్ వాళ్ల ఆన్సెల్ ఊట దగ్గర చంపి, పడమటికి పారిపోయాడు, దొరకలేదు. పేపరువాళ్లు 'కెస్టర్సన్ గారి అమ్మాయి' అని రాశారు. సమాధి మీద రాతిపలక నిలబెట్టారు గానీ అక్షరాలు చెక్కించే స్తోమత లేకపోయింది. ఇంట్లో ఆ పేరు పలకడం మానేశారు, పలికితే ముసలి తల్లి మంచం పట్టేదట. అలా ఆ పేరు పాటలో ఒక్కచోట మాత్రమే మిగిలింది.

ఈ కొండల్లో పాత పాటలు పాడేవాళ్లకు రెండు పద్ధతులున్నాయి. చావు పాట పాడబోయే ముందు ఆ రెండు ఇళ్లవాళ్లెవరైనా ఉన్నారా అని అడగాలి. ఉంటే ఇంకో పాట ఎత్తుకోవాలి. రెండోది, పాట చివరి మాటను పాడకూడదు, మామూలు గొంతుతో చెప్పాలి. గుర్రం దిగినట్టు పాటలోంచి నేల మీదకు దిగాలి. అప్పుడే పాట అయిపోయినట్టు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు, అలాగే చేస్తారంతే.

డెల్సీకి తొమ్మిదేళ్లప్పుడు కాలేజీవాడొకడు పెద్ద టేపు యంత్రం మోసుకుని వాళ్ల వసారాలోకి వచ్చాడు. చెమటలు కక్కుతూ కూచుని అమ్మ చేత పదకొండు పాటలు పాడించుకున్నాడు. మర్యాదస్తుడే. ఈ పాట చివర్లో అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. పాట అయిపోయిందనుకుని అతను టక్కున మీట నొక్కేశాడు. అమ్మ చివరి మాట చెప్పింది. చక్రాలు అప్పటికే ఆగిపోయాయి.

ఇంకో తప్పు కూడా అప్పుడే జరిగింది. ఇక్కడ ఒక పిల్ల ఒక కుర్రవాడితో 'మాట్లాడుతోంది' అంటే పెళ్లి మాట నడుస్తోందని. 'ఎవరితోనూ మాట్లాడటం లేదు' అంటే ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదని. పాటలో ఆ పిల్ల 'ఎవ్వరితోనూ మాట్లాడలేదింకా' అని ఉంది. కాలేజీవాడు అర్థం అడగకుండా ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. యాభై ఏళ్ల తర్వాత నాష్‌విల్ కుర్రవాడు ఆ టేపు విని ఆ ఒక్క మాట చుట్టూ పొగరుబోతు పిల్లను అల్లేశాడు. ఆమె ఆన్సెల్‌కు నీళ్లు పోసిన చరణం తన కథకు అడ్డొచ్చింది కాబట్టి తీసి పారేశాడు, మధ్యలో ఉరికంబం చేర్చాడు, చివరి చరణం మాత్రం టేపులో ఉన్నట్టే ఉంచాడు. పేరు ఎలాగూ టేపులోనే లేదు.

అసలు పాట మొత్తం తెలిసిన మనిషి ఇప్పుడు డెల్సీ ఒక్కతే. అమ్మ పోయేముందు ఆమె మణికట్టు పట్టుకుని, "పాడితే అంతా పాడు, లేకపోతే అసలు పాడకు. ఆ పేరు చివర్లో తప్ప ఇంకెక్కడా అనకు" అంది. డెల్సీ ఇప్పటిదాకా ఎవరి ముందూ పాడలేదు. అడిగినవాళ్లూ లేరు. ఇక తను పోతే లోకానికి మిగిలేది ఆ రేడియో పిల్లే అని ఆమెకు తెలుసు, పిండి పిసికేటప్పుడు ఆమె ఆలోచించే సంగతి ఈ ఏడాదంతా అదే.

ఎనిమిదింటికి ట్రక్కులు రావడం మొదలైంది. ఆవుల అరుపులు, ఇనుప గేట్ల చప్పుడు, తడి పేడ వాసన. బూట్లకు బురదతో మగవాళ్లు బారులుగా లోపలికి వచ్చి కూచున్నారు. గుడ్లు, మాంసం ముక్కలు, తెల్లటి గ్రేవీ పోసిన మెత్తటి బిస్కెట్ రొట్టెలు. జూనీ ఒక చేత్తో నాలుగు పళ్లేలు మోస్తూ అందరినీ తలా ఒక మాట అంటోంది.

పదింటికి గోడకున్న లౌడ్‌స్పీకర్ గొంతు సవరించుకుంది. వేలం మొదలైంది. పలికేవాడు ఊపిరి తీసుకోకుండా అంకెలను దారంలా లాగుతూ ఉంటాడు, మధ్యలో ఎవరో వేలెత్తుతారు, ఆవు చేతులు మారిపోతుంది. మన భాషలో దీన్ని వేలంపాట అనడం ఎంత సరైనదో డెల్సీకి తెలిసే వీలు లేదు గానీ, తెలిస్తే ఆమె ఒప్పుకునేది. పాట ఎవరు పాడితే సరుకు వాళ్లది. తన సరుకు అలాగే పోయింది.

"వదినా, విన్నావా?" జూనీ వంటింటి కిటికీలోంచి తల పెట్టింది. "ఎమ్మిట్ గారు ఉన్న ఆవులన్నీ తోలుకొచ్చేశాడు. శనివారం కూతురొచ్చి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తన ఇంటికి తీసుకుపోతుందట. ఇక రాడు."

డెల్సీ చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. "కిస్‌మిస్ పై ఎవరికీ కోయకు" అంది.

ఎమ్మిట్ పిన్నెల్‌కు ఎనభై ఆరేళ్లు. పాటలోని ఆన్సెల్ ఆయన పెదనాన్న. ముప్పై ఎనిమిదేళ్లుగా ప్రతి గురువారం ఆయన కౌంటరు చివరి స్టూలు మీద కూచుని కెస్టర్సన్ వాళ్ల మనవరాలు వండిన చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె తిని, కిస్‌మిస్ పై తిని, "బాగుంది డెల్సీ" అని వెళ్లిపోతాడు. ఆమె "మంచిది ఎమ్మిట్ గారూ" అంటుంది. ఇద్దరి మధ్యా ఆ సంగతి ఎన్నడూ రాలేదు, రావలసిన అవసరమూ లేకపోయింది.

ఆయన పన్నెండున్నరకు వచ్చాడు. పొడుగాటి మనిషి, ఇప్పుడు వంగిపోయి కొడవలిలా ఉన్నాడు. ఉతికిన చొక్కా మెడదాకా బొత్తాములు పెట్టుకున్నాడు. చిక్కుళ్లు సగమే తిన్నాడు. పై మాత్రం అంచు పొరలతో సహా నెమ్మదిగా తినేశాడు. జనం ఒక్కొక్కరే లేచి వేలం చూడటానికి వెళ్లిపోయారు. జూనీ సిగరెట్ పట్టుకుని వెనక తలుపులోంచి బయటికి పోయింది. ఆయన మాత్రం లేవలేదు.

"డెల్సీ."

"కాఫీ పోయనా?"

"వద్దు. ఒకసారి ఇటు రా అమ్మాయ్."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన చెంచాను పళ్లెం పక్కన తిన్నగా సర్దాడు, మళ్లీ సర్దాడు.

"ట్రక్కులో రేడియో వింటుంటే ఆ పాట వచ్చింది. పోయినేడాది. మా ఇంటి పాటని నాకు వెంటనే తెలిసిపోయింది, ఎలా తెలిసిందో చెప్పలేను. ఎనభై అయిదేళ్లు నా చెవిన పడలేదది. నేను ఎవరి వసారాలోకి అడుగుపెట్టినా ఒక పాట ఠక్కున ఆగిపోయేది. చిన్నప్పుడు నన్ను చూసి భయపడుతున్నారనుకునేవాణ్ని." కొంచెం నవ్వాడు. "రేడియోకి మర్యాద లేదు కదా, పిన్నెల్ వాళ్లున్నారా అని అడగదు."

"ఆ పాట అబద్ధం ఎమ్మిట్ గారూ."

"తెలుసు. అందులో ఆయన్ని ఉరి తీశారు. ఎవరూ తీయలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఓక్లహోమాలో బతికాడు. పొలం కొన్నాడు, పెళ్లి చేసుకున్నాడు, ఆరుగురు పిల్లలు. ఏటా క్రిస్మస్‌కి ఉత్తరం వచ్చేది, మా నాన్న విప్పకుండానే పొయ్యిలో వేసేవాడు. యాభై ఒకటిలో మంచం మీదే పోయాడు. శవపెట్టె మోసినవాళ్లలో నేనూ ఉన్నా."

డెల్సీ చేతులు తుడుచుకుంటున్న గుడ్డను కౌంటరు మీద పడేసింది. వాళ్లమ్మ, అమ్మమ్మ, ఆ ముసలి తల్లి, అందరూ వాడు ఎక్కడో అడవిలో కుక్కచావు చచ్చి ఉంటాడని అనుకుంటూ బతికారు. కోపం వచ్చింది. ఎదురుగా ఉన్నది ముప్పై ఎనిమిదేళ్లుగా తన చేతి తిండి తిన్న ముసలివాడు. ఆ కోపాన్ని ఎటు తిప్పాలో ఆమెకు తెలియలేదు.

"ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"శనివారం వెళ్లిపోతున్నా. ఆ పిల్ల పేరేంటో నాకు తెలియాలి. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. రాయి మీద చూశా, ఏమీ లేదు."

"ఊరికే చెప్పేది కాదండీ అది. పాట చివర్లో వస్తుంది."

"అయితే పాడు."

"మీ ముందా? మీకు బాధ కలుగుతుంది."

"ఎనభై ఆరేళ్లొచ్చాయి. ఇంకెప్పుడు పడను?"

 ఆమె కిటికీ బల్ల మీద మిగిలిన పిండిముద్దను తీసుకొచ్చి కౌంటరు మీద పెట్టి, మైదా చల్లి, వత్తే కర్ర అందుకుంది. అమ్మ ఆ పాట నేర్పింది పని చేస్తూనే, చేతులు ఖాళీగా ఉంటే ఆమెకు గుర్తుకు రాదు.

ఆయన చొక్కా జేబులోంచి వినికిడి యంత్రం తీసి, చెవిలో పెట్టుకున్నాడు. కూతురు కొనిచ్చింది. పెట్టుకోవడం జూనీ గానీ డెల్సీ గానీ ఎన్నడూ చూడలేదు.

"ఇక్కడ పిన్నెల్ వాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది డెల్సీ, పిండి వంక చూస్తూ.

"ఉన్నాడు ఒకడు. కెస్టర్సన్ వాళ్లెవరైనా ఉన్నారా?"

"ఉన్నాను."

"అయితే పాడు తల్లీ."

పాడింది. గొంతు గొప్పది కాదు, సన్నగా, కాస్త ముక్కుతో. ముఖంలో ఏమీ కదల్లేదు. కొండల్లో అలాగే పాడతారు, ఏడిస్తే వినేవాళ్లు ఏడవాలి గానీ పాడేవాళ్లు కాదు. కర్ర ముందుకూ వెనక్కూ దొర్లుతోంది.

"ఊట దగ్గర నీళ్లు ముంచే పిల్ల,
అందరి మంచీ అడిగే పిల్ల,
ఎవ్వరితోనూ మాట్లాడలేదింకా,
పందొమ్మిదైనా నిండలేదింకా.

దాహమంటే సొరబుర్రతో ముంచి
చల్లని నీళ్లు పోసింది,
'తాగి వెళ్లు ఆన్సెల్, పొద్దుపోయింది,
మా అమ్మ చూస్తుంటుంది' అంది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. 'నీళ్లు పోసిందా' అన్నట్టు పెదవులు కదిలాయి. మధ్యలో ఏడు చరణాలున్నాయి, ఆమె ఒక్కటీ వదల్లేదు, ఆన్సెల్ రాయెత్తిన చరణం కూడా. ఆ చరణం పాడుతున్నప్పుడు ఆయన రెండు చేతులూ కౌంటరు అంచును పట్టుకున్నాయి. గోడ అవతల వేలంవాడి గొంతు పరిగెత్తుతూనే ఉంది.

"చీకటిపడినా రాలేదని తల్లి
దీపం పట్టుకు వెళ్లింది,
ఊట నీళ్లలో జుట్టు కనబడితే
ఒక్కసారే పిలిచింది..."

డెల్సీ కర్ర ఆపింది. ఊపిరి తీసుకుంది. అన్నానికి రమ్మని ఇంటి వెనక నుంచి పిల్చినట్టు, మామూలు గొంతుతో అంది.

"అర్మిల్డా."

ఎమ్మిట్ కళ్లు తెరిచాడు. 

"నాకు అనుమానంగానే ఉండేది" అన్నాడు. "మా పెదనాన్న పెద్ద కూతురి పేరూ అదే. సమాధి చేసిన రోజు నాకు కాఫీ ఇచ్చింది. వాళ్ల నాన్న తనని పేరు పెట్టి పిలిచేవాడు కాదట, ఎప్పుడూ 'అమ్మాయ్' అనేవాడట. ఎందుకో తెలియదని నవ్వింది."

"ఆమెకు ఎవరైనా చెప్పారా?"

"లేదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది."

డెల్సీ ఆ పిండిని చూసింది. పాటంతా వత్తడంతో అది కాగితంలా పలచబడి ఎందుకూ పనికిరాకుండా పోయింది. లోపల కోపం ఇంకా ఉంది, కానీ దాని పక్కనే ఓక్లహోమాలో పేరు పిలిపించుకోని ఒక అమ్మాయి కూడా వచ్చి కూచుంది. ఆమెకు ఏడుపొచ్చింది. మైదా అంటిన ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

ఆయన లేచాడు. ఒక చేత్తో కౌంటరు పట్టుకుని, రెండో చేత్తో చెవిలోంచి యంత్రం తీసి సాసరులో పెట్టాడు.

"ఇక దీంతో పని లేదు" అన్నాడు. "బాగుంది డెల్సీ."

ఏది బాగుందో ఆయన చెప్పలేదు. ఆమె కూడా ఎప్పటిలాగే "మంచిది ఎమ్మిట్ గారూ" అంది. ఆయన తలుపు దాకా నెమ్మదిగా నడిచి, మబ్బులోకి వెళ్లిపోయాడు.

రెండున్నరకు లౌడ్‌స్పీకర్‌లో ఆయన ఆవులు వచ్చాయి. పద్నాలుగు. వేలంవాడు ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, లేచి నిలబడమని అడిగాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. ఇంటికెళ్లి ఉంటాడని ఎవరో అరిచారు.

వెళ్లలేదు. ట్రక్కు పార్కింగులోనే ఉంది, కంచె పక్కన. జూనీ చూసి వచ్చింది. మొదటిసారి మనిషి ముందు లోపలికి వచ్చింది, నోరు వెనకాల. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఆవులు రింగులోకి వెళ్లే దారి వైపు చూస్తూ కూచున్నవాడు కూచున్నట్టే ఉన్నాడట. తలుపు తీసి ఉందట. నొప్పి పడ్డ గుర్తు ఏమీ లేదట.

వేలం పావుగంట ఆపారు. మగవాళ్లు లోపలికి వచ్చి టోపీలు చేత్తో పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడ్డారు. డాక్టరు వచ్చేదాకా చేసేదేమీ లేదు. ఎవరో నిశ్శబ్దం భరించలేక రేడియో తిప్పారు. అదే పాట, చివర్లో ఉంది. జూనీ ఉలిక్కిపడి కట్టేయబోయింది.

"ఉండనీ" అంది డెల్సీ.

నాష్‌విల్ కుర్రవాడు తల్లిని దీపంతో ఊట దగ్గరకు తీసుకెళ్లాడు. ఒక్కసారే పిలిచింది అని సాగదీశాడు. గిటారు ఏడ్చి ఏడ్చి సన్నబడి ఆగిపోయింది. టేపు ఆగిన చోటే పాట ఆగింది.

"అర్మిల్డా" అంది డెల్సీ, అందరికీ వినబడేలా.

మగవాళ్లు తలెత్తారు. జూనీ దగ్గరకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎవరు వదినా?"

"ఆ పిల్ల పేరు. అర్మిల్డా కెస్టర్సన్. ఆ పాట మళ్లీ వస్తే చివర్లో నువ్వు కూడా అను."

జూనీ తలూపింది. రేడియోలో ఎవరో ఎరువుల గురించి చెబుతున్నారు. డెల్సీ పళ్లేలు తీయడం మొదలుపెట్టి, కౌంటరు చివరిదాకా వచ్చి ఆగింది. ఖాళీ స్టూలు ముందు, సాసరులో, కట్టేయడం మరిచిపోయిన వినికిడి యంత్రం దోమలా సన్నగా కూస్తూనే ఉంది.